విడుదల ఉత్తరం

"విడుదల" అనే మాట మన సంఘాల్లో వినబడని ఆదివారం ఉండదు. వ్యాధి నుండి విడుదల, అప్పుల నుండి విడుదల, త్రాగుడు నుండి విడుదల. ప్రార్థన విన్నపాల చీటీలు విప్పి చూస్తే సగానికి పైగా ఆ మాటతోనే ఉంటాయి. అయితే, "ప్రభువా, మంచి జీతం నుండి, ఇష్టమైన పని నుండి, జనం చప్పట్లు కొట్టే పేరు నుండి నన్ను విడిపించు" అని ఎవరైనా చీటీ రాసి పంపగా మేము ఇంతవరకు చూడలేదు. 1891 వసంత కాలంలో అమెరికా దేశపు చికాగో నగరంలో ఇరవై ఎనిమిదేళ్ళ యౌవనస్థుడు ఒకడు దాదాపు ఆ విన్నపమే చేశాడు. అతడు వృత్తిరీత్యా బేస్‌బాల్ ఆటగాడు. పేరు విలియం యాష్లీ సండే. లోకం అతణ్ణి బిల్లీ సండే అని పిలిచింది.

పెద్ద సువార్తికుడిగా ఆయన పేరు మన చదువరుల్లో కొందరు వినే ఉంటారు. ఈ నెల మేము ఆ సువార్తికుని గురించి కొంచెమే చెప్పి, అంతకుముందు ఎనిమిదేళ్ళు అతడు ఆడిన ఆట గురించి ఎక్కువ చెప్పదలచాము. సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనకొక అలవాటు ఉంది. "పూర్వం లోకంలో ఉన్నాను" అని ఒక్క ముక్కలో పాత జీవితాన్ని దాటేస్తాము. విడిచిపెట్టినది ఏమిటో, ఎంతో తెలియకపోతే విడిచిపెట్టడం అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

ముందుగా ఆట సంగతి. క్రికెట్ తెలిసిన మన పిల్లలకు బేస్‌బాల్ అర్థం కావడం కష్టమేమీ కాదు. బంతి విసిరేవాడు ఒకడు, గుండ్రని కర్రతో కొట్టేవాడు ఒకడు. పరుగు మాత్రం రెండు వికెట్ల మధ్య కాదు. నాలుగు మూలలున్న ఒక చదరం చుట్టూ తీయాలి. ఒక్కో మూలను బేస్ అంటారు. మూడు మూలలు తాకి బయలుదేరిన చోటికి తిరిగి చేరితే ఒక పరుగు. జట్టుకు తొమ్మిదిమంది. వారిలో ముగ్గురు దూరంగా గడ్డిలో ఎడమన, నడుమ, కుడిన నిలబడతారు. వీరే అవుట్‌ఫీల్డర్లు. ఆకాశంలోకి లేచిన బంతి ఎక్కడ దిగుతుందో కనిపెట్టి, అది నేల తాకకముందే దాని క్రిందికి చేరడం వీరి పని. చాలాసేపు వారి వైపు ఏమీ రాదు. వచ్చినప్పుడు మాత్రం వేలాది కళ్ళు ఒక్కసారిగా వారి మీదికి తిరుగుతాయి. ఇప్పుడైతే పెద్ద తోలు తొడుగు వేసుకొని పడతారు గాని, 1880ల తొలినాళ్ళలో దూరాన నిలబడేవారిలో చాలామంది వట్టి చేతులతోనే పట్టేవారు.

బిల్లీ సండే అటువంటి అవుట్‌ఫీల్డర్. ఆ చోటికి అతడు వచ్చిన దారి సుఖమైనది కాదు.

అతడు 1862 నవంబరు 19న ఐయోవా రాష్ట్రంలో ఏమ్స్ దగ్గర ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి తరపు వారు జర్మన్లు. జర్మన్ భాషలో ఆదివారమని అర్థమిచ్చే ఇంటిపేరే అమెరికాలో "సండే" అయింది. ఆ రోజుల్లో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరుగుతున్నది. తండ్రి సైన్యంలో చేరి వెళ్ళాడు. బిల్లీ పుట్టిన అయిదు వారాలకే దండులో రోగం తగిలి చనిపోయాడు. కొడుకు ముఖం చూడనే లేదు. తల్లి పేదరాలు. కొన్నేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చింది. బిల్లీకి పది పన్నెండేళ్ళ వయసులో, ఇక పోషించే శక్తి లేక, అతణ్ణీ ఒక అన్ననూ గ్లెన్‌వుడ్ ఊరిలోని సైనికుల అనాథ పిల్లల గృహానికి పంపివేసింది. అక్కడి నుండి డావెన్‌పోర్ట్‌లోని గృహానికి మార్చారు. చదువు, క్రమశిక్షణ, వేళకు భోజనం అక్కడే దొరికాయి. తానెంత వేగంగా పరుగెత్తగలడో కూడా అక్కడే తెలిసింది.

పద్నాలుగేళ్ళకు బయటికి వచ్చి నెవాడా అనే చిన్న పట్టణంలో కర్నల్ స్కాట్ అనే పెద్దమనిషి ఇంట పొట్టి జాతి గుర్రాలను మేపే పనిలో కుదిరాడు. వారు పని ఇచ్చి ఊరుకోలేదు, హైస్కూలుకు కూడా పంపారు. అనాథ పిల్లవాణ్ణి పనికి పెట్టుకున్న ఇల్లు అతణ్ణి బడికి పంపించడం అప్పుడైనా ఇప్పుడైనా అన్ని ఇళ్ళలో జరిగేది కాదు గనుక ఈ మాట ప్రత్యేకించి రాస్తున్నాము. 1880లో మార్షల్‌టౌన్‌కు మారాడు. అక్కడి అగ్నిమాపక దళం వారు పరుగు పందాలకు వెళ్తుండేవారు, వారికి కాళ్ళలో సత్తువ గలవాడు కావలసి వచ్చాడు. బ్రతుకుతెరువుకు సామాన్ల కొట్టులో పని, సాయంత్రాలు ఊరి జట్టులో బేస్‌బాల్. 1882లో ఆ ఊరి జట్టు రాష్ట్ర విజేతగా నిలిచింది.

చికాగో వైట్ స్టాకింగ్స్ అప్పట్లో దేశంలోకెల్లా గొప్ప జట్టు. దాని నాయకుడు కాప్ యాన్సన్ పుట్టింది మార్షల్‌టౌన్‌లోనే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆయన మేనత్త ఒకామె, మన ఊళ్ళో కుర్రవాడొకడు గాలిలా పరుగెత్తుతున్నాడు, ఒకసారి చూడరాదూ అని మరీ మరీ చెప్పిందట. 1883లో యాన్సన్ అతణ్ణి పిలిపించాడు. పల్లె బట్టలతో, చేతిలో చిల్లర డబ్బులతో బిల్లీ చికాగోలో రైలు దిగాడు.

మొదటి ఆటలో నాలుగుసార్లు కర్ర పట్టాడు. నాలుగుసార్లూ బంతిని తాకకుండానే వెనుదిరిగాడు. తరువాతి ఆటల్లో మరి ఏడుసార్లు అదే అవమానం. అంత జరిగాక గాని మొదటి దెబ్బ తగలలేదు. ఇంకెవరైనా అయితే ఊరికి తిరుగు టిక్కెట్టు కొనిపెట్టేవారే. యాన్సన్ మాత్రం అతణ్ణి ఉంచుకున్నాడు. కొట్టడం నేర్పవచ్చు, కాళ్ళు నేర్పితే వచ్చేవి కావు. 1885లో మరో లీగులో కెల్లా వేగవంతుడని పేరున్న ఆర్లీ లేథమ్‌తో వంద గజాల పందెం పెట్టినప్పుడు బిల్లీయే గెలిచాడు. బేస్‌బాల్‌లో ఒక విద్య ఉంది. బంతి విసిరేవాని కన్ను గప్పి ఒక మూల నుండి మరో మూలకు దూకేయడం. దానిని బేస్‌ను "దొంగిలించడం" అంటారు. (ఎనిమిదవ ఆజ్ఞకు దీనితో నిమిత్తం లేదని చిన్నపిల్లల కోసం చెబుతున్నాము.) తన ఆట జీవితంలో అతడు అలా దొంగిలించిన మూలలు రెండు వందల నలభైకి పైచిలుకు.

మొదటి నాలుగేళ్ళు అతనికి స్థిరమైన చోటు లేదు. కుడివైపు గడ్డిలో నిలబడవలసినవాడు మైక్ కెల్లీ. ఆ తరంలో అతనంతటి ఆటగాడు లేడు, జనం అతణ్ణి "రాజు కెల్లీ" అనేవారు. కెల్లీ వికెట్ కీపర్ వంటి స్థానానికి వెళ్ళిన రోజుల్లో మాత్రమే బిల్లీకి కుడి మైదానం దొరికేది. మిగతా రోజుల్లో బల్ల మీద కూర్చోవడమే. 1885లోను 1886లోను ఆ జట్టు విజేత. 1887 ఆరంభంలో కెల్లీని 10,000 డాలర్లకు బోస్టన్ జట్టు కొనుక్కుంది. మనుషులను వేలం సరుకులా కొనడం చూసి అప్పటివారే ముక్కున వేలేసుకున్నారు. అలా ఆ చోటు బిల్లీదయింది. గాయం తగిలి ఆ ఏడు యాభై ఆటలే ఆడగలిగాడు.

ఎనిమిదేళ్ళలో మొత్తం 499 ఆటలు. కర్ర పట్టిన ప్రతి నాలుగుసార్లలో సుమారు ఒకసారి కొట్టాడు. లెక్కల్లో చెప్పాలంటే .248. అంటే గొప్పవాడు కాడు, చెడ్డవాడూ కాడు. పరుగుకూ పట్టుకూ పేరుపొందిన మధ్యరకం ఆటగాడు. కొందరు ప్రసంగీకులు అతణ్ణి అమెరికాలో అగ్రశ్రేణి ఆటగాడిగా వర్ణిస్తుంటారు. త్యాగం పెద్దదిగా కనబడాలని ఆటను పెంచి చెప్పనక్కరలేదని మా అభిప్రాయం. అనాథ గృహంలో పెరిగినవానికి ఆ మధ్యరకం చోటే మహా సంపద.

ఇంకొక సంగతి కూడా లెక్కకు వస్తుంది. యాన్సన్ జట్టు డబ్బు లెక్కలు బిల్లీ చేతికి అప్పగించాడు. టిక్కెట్ల వసూళ్ళు చూసుకోవడం, ప్రయాణాలకు రైలు ఖర్చులు చెల్లించడం అతని పని. త్రాగుడు, జూదం మామూలైపోయిన ఆ గుంపులో డబ్బు సంచి ఎవరికి ఇవ్వాలో ఆ నాయకునికి తెలిసింది.

అతడు మారుమనస్సు పొందిన రోజు సంగతికి వద్దాము. సంవత్సరం 1886 అని కొందరు, 1887 అని కొందరు అంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలేని వేళ, బిల్లీ తోటి ఆటగాళ్ళతో కలిసి చికాగో వీధుల్లో తిరుగుతున్నాడు. సారాకొట్టులో దాహం తీర్చుకొని బయటికి వచ్చి వీధి మూల కాలిబాట అంచున కూర్చున్నారు. ఎదుట పసిఫిక్ గార్డెన్ మిషన్ వారు వాయిద్యాలతో పాటలు పాడుతున్నారు. అవి పల్లెలో తన తల్లి పాడిన పాటలు. బిల్లీ లేచాడు. ఆ గుంపులో రాజు కెల్లీ, ఎడ్ విలియమ్సన్, ఫ్రాంక్ ఫ్లింట్ వంటి మేటి ఆటగాళ్ళు ఉన్నారని, తాను వారి దగ్గర సెలవు తీసుకొని వెళ్ళానని తరువాత ఆయనే చెప్పేవాడు. ఆ ఒక్క సాయంత్రంతో పని పూర్తి కాలేదు. పలుమార్లు ఆ మిషన్‌కు వెళ్ళాడు. దానిని 1877లో భర్తతో కలిసి ప్రారంభించిన సారా క్లార్క్ అమ్మగారు అతనితో ఓర్పుగా మాట్లాడారు. చివరికి ఒక రాత్రి ముందుకు నడిచి ప్రభువుకు తన్ను తాను అప్పగించుకున్నాడు.

అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. భయం దేవుణ్ణి గురించి కాదు, మర్నాడు ఆటస్థలానికి వెళ్తే వాళ్ళేమంటారో అని. మన యౌవనస్థులు చాలామందికి ఈ భయం తెలుసు. హాస్టలు గదిలోను కార్ఖానా గేటు దగ్గరా కలిగేది ఇదే. బిల్లీ గేటు దాటి వెళ్ళేసరికి ఎదురుగా వచ్చినవాడు ఎవరనుకున్నారు? రాజు కెల్లీ. కెల్లీ కతోలిక కుటుంబంలో పుట్టినవాడు, త్రాగుడులో మునిగినవాడు. అతడే ముందుగా చెయ్యి చాచి, మతం నాకు అబ్బిన సంగతి కాదు గాని నీ దారికి నేను అడ్డు రానని అన్నాడట. అతని వెనుక యాన్సన్, తక్కినవారు ఒకరి తరువాత ఒకరు వచ్చి కరచాలనం చేశారు. ఎగతాళి చేస్తారనుకున్నవారు అలా నిలబడ్డారు. ఈ ఘట్టం మాకు చాలా ఇష్టం.

త్రాగుడు, బూతు మాట, జూదం మానివేశాడు. ఆట మానలేదు, మానమని ఎవరూ చెప్పలేదు. ఆదివారం ఆడనని పట్టుబట్టిన వీరుడిగా అతణ్ణి చూపే కథలు ప్రచారంలో ఉన్నాయి. ఆ రోజుల్లో అతడు ఆడిన నేషనల్ లీగ్‌లో అసలు ఆదివారం ఆటలే లేవు. 1892లో గాని ఆ నియమం సడలించలేదు. అప్పటికి అతడు ఆట విడిచి ఏడాది దాటింది.

ఇంకొక ప్రసిద్ధ కథ ఉంది. డెట్రాయిట్ జట్టుతో ఆట, చివరి అంకం. చార్లీ బెన్నెట్ కొట్టిన బంతి బిల్లీ తల మీదుగా జనం మధ్యకు పోతున్నది. అతడు వెనక్కు తిరిగి, ప్రభువా సహాయం చేయి అని ప్రార్థిస్తూ పరుగెత్తి, అడ్డంగా ఉన్న బల్ల మీదుగా దూకి, ఎగిరి, బంతి పట్టుకొని పడిపోయాడు. ఆట గెలిచారు. ఆయన దీనిని వేదికల మీద ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పిన కొద్దీ కథకు రంగు ఎక్కడం సహజం. డెట్రాయిట్ వైపు ప్రార్థించిన విశ్వాసి ఒక్కడూ లేడని కూడా మనము అనలేము. కాబట్టి మేము ఈ క్యాచ్ మీద ఎక్కువ బరువు వేయము. పరుగెత్తుతూ ప్రార్థించడం మాత్రం అతనికి అప్పటికే అలవాటైందని దీనివల్ల తెలుస్తున్నది.

జెఫర్సన్ పార్క్ ప్రెస్బిటేరియన్ సంఘంలో చేరాడు. ఆ సంఘపు యౌవనస్థుల కూటంలోనే హెలెన్ థాంప్సన్ పరిచయమైంది. అందరూ నెల్ అనేవారు. తండ్రి పాల వ్యాపారి, కలిగినవాడు. బంతాటగాడు అల్లుడేమిటి, ఇవాళ ఒక ఊరు రేపు ఒక ఊరు, ఒళ్ళు చెడితే తిండి లేదు అని ఆయన వాదన. ఆడపిల్లల తండ్రులు ఎక్కడైనా ఒక్కటే గదా! చాలాకాలం ఒప్పుకోలేదు. బిల్లీ చదువు తక్కువైన లోటు తీర్చుకోవడానికి 1887–88 శీతాకాలంలో ఎవాన్‌స్టన్‌లోని పాఠశాలలో చేరి, అక్కడి పిల్లలకు బేస్‌బాల్ నేర్పి, బదులుగా తాను ఉపన్యాస పాఠాలు నేర్చుకున్నాడు. చివరికి 1888 సెప్టెంబరు 5న వివాహం జరిగింది.

ఆ ఏడే చికాగో వారు అతణ్ణి పిట్స్‌బర్గ్‌కు అమ్మివేశారు. అక్కడ మధ్య మైదానం అతనిదే, మొదటిసారిగా ఏడాది పొడవునా ఆడాడు. జనం మెచ్చుకున్నారు. ఆట లేని రోజుల్లో వై.ఎం.సి.ఎ. కూటాల్లో సాక్ష్యం చెప్పేవాడు. 1890 వచ్చింది. జీతాల విషయమై, తమను కట్టిపడేసే ఒప్పందాల విషయమై యజమానులతో విసిగిపోయిన ఆటగాళ్ళు విడిపోయి సొంత లీగ్ పెట్టుకున్నారు. పిట్స్‌బర్గ్ నుండి పేరున్నవారు చాలామంది వెళ్ళిపోయారు. బిల్లీ ఉండిపోయాడు, మిగిలిన గుంపుకు నాయకుడయ్యాడు. ఆ ఏడు ఆ జట్టు గెలిచినవి 23 ఆటలు, ఓడినవి 113. ఆగస్టు నాటికి జీతాలకు డబ్బు లేదు. అప్పుడు ఫిలడెల్ఫియా జట్టు ఇద్దరు ఆటగాళ్ళను, 1,000 డాలర్ల రొక్కాన్ని ఇచ్చి బిల్లీని తీసుకుంది. ఓటమి మీద ఓటమి చూసినవాడు ఆఖరికి మంచి జట్టులోకి వచ్చాడు. రాబోయే ఏడాది అతనికి బాగుండేలా కనబడింది.

సరిగ్గా ఆ శీతాకాలంలోనే అతని మనసు కలత చెందింది. పూర్తికాల పరిచర్యకు పిలుపు ఉందని అతనికి తోచింది. కాని ఒప్పందం మీద సంతకం ఉంది. ఆ కాలపు నియమం ప్రకారం ఆటగాడు జట్టుకు కట్టుబడి ఉంటాడు, జట్టు ఇష్టపడి "విడుదల" ఇస్తేనే స్వతంత్రుడు. అతడు విడుదల అడిగాడు. ఇవ్వమన్నారు. చెప్పకుండా మానేస్తే ఏమవుతుంది అని సలహా ఇచ్చేవారు ఎక్కడైనా ఉంటారు. దేవుని పని కోసం గదా, మాట తప్పినా పరవాలేదు అనేవారు కూడా మన మధ్య ఉన్నారు. బిల్లీ అలా అనుకోలేదు. ఆయన తరువాత చెప్పిన ప్రకారం, మార్చి 25 లోగా విడుదల వస్తే అది ప్రభువు పిలుపని ఎంచి ఆట విడిచిపెడతాను, రాకపోతే ఇచ్చిన మాట ప్రకారం ఆడుతాను అని దేవుని ఎదుట మొక్కుకున్నాడు. మార్చి 17న ఉత్తరం వచ్చింది. విడుదల ఇచ్చారు.

మామూలుగా సాక్ష్యాలు ఇక్కడ ముగుస్తాయి. ప్రార్థన, జవాబు, స్తోత్రం. బిల్లీకి అసలు శోధన జవాబు వచ్చిన తరువాతనే వచ్చింది. అతడు స్వతంత్రుడయ్యాడని తెలియగానే సిన్సినాటి జట్టు కబురు పంపింది. ఏడాది ఆటకు 3,500 డాలర్లు, అంటే ఆడే నెలలకు నెలకు సుమారు 500. సామాన్య కార్మికుడు ఏళ్ళ తరబడి కష్టపడినా చూడని సొమ్ము. మరో చేతిలో చికాగో వై.ఎం.సి.ఎ. వారి ఉద్యోగం, నెలకు 83 డాలర్లు. ఇంట్లో భార్య, ఏడాది దాటిన పాప. ఎవరిని అడిగినా, అన్నా, ఈ ఒక్క ఏడాది ఆడు, నాలుగు డబ్బులు వెనకేసుకో, వచ్చే ఏడు పరిచర్యకు వెళ్ళు అనేవారే. అది పాపపు సలహా కూడా కాదు. మేమైతే బహుశా అదే సలహా ఇచ్చి ఉండేవారము, దాచడం ఎందుకు!

అతడు రాత్రంతా ప్రార్థించాడు, ఆలోచించాడు, స్నేహితులను అడిగాడు. నెల్‌ను అడిగాడు. ఆమె ఆలోచించడానికి ఏముందన్నది. విడుదల వస్తే ఆట విడిచిపెడతానని దేవునికి మాట ఇచ్చినది మీరే గదా అన్నది. పాలవ్యాపారి ఇంట కలిమిలో పెరిగిన కుమార్తె, చంటిబిడ్డ తల్లి, నెలకు 83 డాలర్లతో ఇల్లు నడపవలసిన మనిషి ఆ మాట అన్నది. బిల్లీ సిన్సినాటి వారికి రానని చెప్పాడు.

ఆ 83 డాలర్లు కూడా వేళకు చేతికి వచ్చేవి కావట. బండి చార్జీ మిగలడానికి నడిచి పనికి వెళ్ళిన రోజులున్నాయి, మధ్యాహ్న భోజనం మానిన రోజులున్నాయి. పని ఏమంటే, రోగుల దగ్గరకు వెళ్ళడం, ప్రాణం తీసుకోవాలనుకున్నవారితో కూర్చొని మాట్లాడటం, సారాకొట్ల తలుపుల దగ్గర నిలబడి కూటాలకు పిలవడం. ఒకప్పుడు ఆటోగ్రాఫు అడిగినవారే ఇప్పుడు తప్పించుకొని పోయేవారు.

కాలిబాట అంచున తనతో కూర్చున్నవారి గతి ఆయన మనసులో మెదులుతూనే ఉంది. ఫ్లింట్ 1892లో క్షయతో పోయాడు. విలియమ్సన్ 1894 మార్చిలో పోయాడు. అదే ఏడు నవంబరులో రాజు కెల్లీ బోస్టన్‌లో న్యుమోనియాతో చనిపోయాడు, వయసు ముప్పైయారు. ఆ పేర్లు ఆయన ప్రసంగాల్లో తరచు వచ్చేవి. గేటు దగ్గర మొదట చెయ్యి చాచిన కెల్లీని హెచ్చరికకు ఉదాహరణగా మాత్రమే వాడటం మాకు అంత నచ్చదు. కెల్లీ పేరు 1945లో ఆ ఆటలోని ప్రముఖుల జాబితాకెక్కింది, యాన్సన్ పేరు అంతకు ముందే ఎక్కింది. బిల్లీ పేరు అక్కడ లేదు.

తరువాతి సంగతులు త్వరగా చెబుతాము. 1893లో జె. విల్బర్ చాప్‌మన్ అనే సువార్తికునికి సహాయకుడయ్యాడు, గుడారాలు వేయించడం, గాయకులను కూర్చడం వంటి పనులు చూశాడు. చాప్‌మన్ సంఘ కాపరిగా తిరిగి వెళ్ళిపోవడంతో 1896 జనవరిలో ఐయోవాలోని గార్నర్ అనే చిన్న ఊళ్ళో తన సొంత కూటాలు మొదలయ్యాయి. పన్నెండేళ్ళు కిరసనాయిలు దీపాల ఊళ్ళలోనే తిరిగాడు. 1906లో కొలరాడోలో మంచు తుఫాను గుడారాన్ని కూల్చివేశాక, ఏ ఊరికి వెళ్ళినా ముందు చెక్కలతో పెద్ద పాక కట్టమనేవాడు. అడుగుల చప్పుడు రాకుండా నేల మీద రంపపు పొట్టు పరిచేవారు. ఆ పొట్టు మీదుగా వేదిక వైపు నడిచి రావడమే ఆ దేశంలో రక్షణకు ముందుకు రావడానికి మారుపేరైంది. మన ఉజ్జీవ కూటాల్లో పందిరి క్రింద వరిగడ్డి పరిచినట్లే.

అవుట్‌ఫీల్డర్ ఆయనలో పోలేదు. వేదిక మీద ఈ చివర నుండి ఆ చివరకు పరుగెత్తేవాడు. పాపి పరలోక ద్వారం చేరడం చూపడానికి, ఆటలో చివరి మూలకు జారినట్లు నేల మీద జారి చూపేవాడు. కుర్చీలు విరిచేవాడు. మర్యాదస్థులైన కాపరులకు ఇది రుచించలేదు. మాకూ అంతా రుచించిందని చెప్పలేము. కాని ఎన్నడూ మందిరం గడప తొక్కని కూలీలకు ఆ భాష అర్థమైంది. 1917లో న్యూయార్కులో పది వారాలు కూటాలు జరిగాయి, 98,264 మంది ముందుకు వచ్చారని లెక్క వేశారు. అక్కడ వచ్చిన కానుక 1,20,000 డాలర్లకు పైగా. దానిని యుద్ధకాల సహాయ సంస్థలకు ఇచ్చివేశాడు. మరుసటి ఏడు చికాగోలో వచ్చిన కానుకను పసిఫిక్ గార్డెన్ మిషన్‌కు ఇచ్చాడు. వీధి మూల పాటల అప్పు అలా కొంత తీర్చాడనవచ్చు. ఇతర ఊళ్ళలో మాత్రం కానుకలు ఆయనవే, బాగా కలిగినవాడయ్యాడు, అందుకు విమర్శలు కూడా వచ్చాయి. దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికి వేరుగా కూటాలు పెట్టిన ఆచారాన్ని ఆయన ఎదిరించలేదు. యుద్ధకాలంలో శత్రుదేశం మీద ఆయన నోట వచ్చిన మాటలు సువార్తికుని నోట రాదగినవి కావు.

అన్నిటికంటే బరువైన సంగతి ఇంటిది. కూటాలు పెద్దవవుతున్న కొద్దీ పని ఒక్కనివల్ల కాలేదు. 1908 నుండి నెల్ ఆయనతో పాటు తిరుగుతూ ఏర్పాట్లన్నీ తన చేతిలోకి తీసుకున్నది. ఆమె లేకపోతే ఆ పరిచర్య అంతగా సాగేది కాదని అందరూ ఒప్పుకుంటారు. నలుగురు పిల్లలు. చివరివాడు పాల్ అప్పటికి పసివాడు. వారిని ఆయా చేతిలో పెట్టి దంపతులు ఊరూరా తిరిగారు. వేలాదిమంది తండ్రులను సారాకొట్టు నుండి ఇంటికి పంపించినవాడు తన ఇంట్లో ఉండలేకపోయాడు. ఎదిగిన కుమారులు తండ్రి వేదిక మీద దేనిని ఖండించాడో ఆ దారులే పట్టారు. కుమార్తె హెలెన్ 1932లో రోగంతో చనిపోయింది. 1933లో పెద్ద కుమారుడు జార్జి తన ప్రాణం తానే తీసుకున్నాడు.

1891లో నెల్ చెప్పిన మాటను మేము ఎంత మెచ్చుకున్నామో, 1908లో జరిగినదాని గురించి అంతగా ఆలోచనలో పడ్డాము. అప్పుడు జీతం విడవమంటే విడిచారు. ఈ సారి విడిచినది వేరు. ఆ రెండూ ఒకే పిలుపులోని భాగాలా, కాదా అని తీర్పు తీర్చడానికి మేము ఎవరము? కాపరుల ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఈ పత్రిక చదువుతారు, వారిలో కొందరికి ఈ ప్రశ్న మాకంటే బాగా తెలుసు.

బిల్లీ సండే 1935 నవంబరు 6న చికాగోలో గుండె ఆగి చనిపోయాడు. మరుసటి నెలల్లోనే నెల్ తానే వేదికలెక్కి మాట్లాడటం మొదలుపెట్టింది. 1938లో బిల్లీ అనే కుమారుడు కారు ప్రమాదంలో, 1944లో పాల్ విమాన ప్రమాదంలో పోయారు. ఆ తరువాత కూడా ఆమె మిషన్ల కోసం, యౌవనస్థుల కూటాల కోసం ఊరూరా ప్రయాణిస్తూనే ఉంది. 1957లో ఆమె కన్ను మూసేనాటికి, ఆ చంటిపాపతో సహా నలుగురు బిడ్డల్లో ఒక్కరూ లేరు.